యార్డు సెలవుల్లో తప్పిపోయిన గుమస్తాగారు: ఒక కేస్ స్టడీ

మతిమరుపు వచ్చిన పెద్దవాళ్ళు ఇంట్లోంచి వెళ్ళిపోతే, వాళ్ళని వెతకడంలో కుటుంబాలకి సాయపడే చిన్న బృందం మాది. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల పనిచేస్తాం. దాదాపు అందరం రిటైరైనవాళ్ళమే. నేను ఉద్యోగకాలమంతా కృష్ణా డెల్టా కాలువల మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేశాను. దర్యాప్తు పోలీసులది. వాళ్ళకి చేతనైనంత సాయం అందించడం, వాళ్ళ దృష్టి వెళ్ళని చోట్ల తిరగడం మా పని.

ఈ కేసు రాయడానికి కారణం ఒకటే. మనిషి తప్పిపోయింది రోహిణి కార్తెలో, దొరికింది తొలకరి పడ్డాక. వెతుకులాట మధ్యలో కాలం మారిపోయింది. దాంతో అప్పటిదాకా మేం రాసుకున్న సమాచారం విలువ కూడా మారిపోయింది. మే నెలలో "ఇక్కడ లేడు" అని కొట్టేసిన చోటు జూన్‌లో మళ్ళీ చూడాల్సి వచ్చింది. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. వయసు, ఇంటి వివరాలు, వీధి, సంవత్సరం కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను.

నేపథ్యం

పెద్దాయనకి డెబ్భై దాటాయి. బతుకంతా గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమస్తాగా గడిచింది. రైతు తెచ్చిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుమతి చేయించడం, లాట్లు వేయించడం, వేలం అయ్యాక కాటా దగ్గర నిలబడి తూకం రాసుకోవడం, చీటీ రాసివ్వడం ఆయన పని. భార్య పోయాక కొడుకు విజయవాడ తీసుకొచ్చేశాడు. ఆ తరవాతే మతిమరుపు బయటపడింది. పొద్దున తిన్న ఇడ్లీ మధ్యాహ్నానికి గుర్తుండదు. ముప్ఫై ఏళ్ళ కిందట ఏ ఊరి రైతు ఎంత సరుకు తెచ్చాడో మాత్రం చెప్పేవారు. సాయంత్రమయ్యేసరికి "ఇంటికి పోదాం" అంటూ లేచి నిలబడేవారు. డాక్టరు డిమెన్షియా అని చెప్పి మందులు రాశారు.

ఇల్లు ఊళ్ళోనే, కాలువకి దగ్గర్లో. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలయ్యే తూర్పు ప్రధాన కాలువ, నగరంలోకి వచ్చేసరికి ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువగా విడిపోతుంది. విజయవాడలో ఎవరు తప్పిపోయినా ఇంట్లోవాళ్ళు ముందు భయపడేది కాలువ గురించే. పెద్దాయన కూడా రోజూ సాయంత్రం మనవడి చెయ్యి పట్టుకుని కాలువ గట్టు మీదే నడిచేవారు.

ఏం జరిగింది

మే చివరి వారం. మధ్యాహ్నం కరెంటు పోయింది. గాలి ఆడడం లేదని వీధి తలుపు తీసిపెట్టారు. భోజనాలయ్యాక ఎక్కడివాళ్ళక్కడ పడుకున్నారు. నాలుగు గంటలకి కోడలు టీ పెట్టి "మామయ్యగారూ" అని పిలిస్తే పలకలేదు. గళ్ళ లుంగీ, చేతుల బనీను, భుజం మీద తువ్వాలు. ఫోను లేదు. చెప్పులు లేవు కాబట్టి వేసుకునే వెళ్ళారని అర్థం. చివరిసారి చూసింది ఒంటిగంటకి.

ఇదే జనవరిలో జరిగుంటే ఆ వీధిలో కనీసం పదిమంది చూసేవాళ్ళు. ఎండకి కూర్చున్నవాళ్ళు, కూరగాయల బండి, అరుగుల మీద ఆడవాళ్ళు ఉంటారు. రోహిణి కార్తె మధ్యాహ్నం ఒంటిగంటకి విజయవాడ వీధిలో కుక్క కూడా కనపడదు. కొట్లకి షట్టర్లు దించేసి ఉంటాయి. కుటుంబం మాకు ఫోన్ చేసేసరికే మూడు గంటల ఆలస్యం, దానికి తోడు సాక్షి అనేవాడు లేడు.

ముందు పోలీస్ స్టేషన్‌కి పంపించాం. ఇరవైనాలుగు గంటలు ఆగాకే ఫిర్యాదు ఇవ్వాలని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. అలాంటి నిబంధన ఏదీ లేదు. మ్యాన్ మిస్సింగ్ కేసు ఆ సాయంత్రమే నమోదైంది.

మొదటి రాత్రి

రెండు దారులు కనపడ్డాయి. ఒకటి, దగ్గర్లోనే ఎక్కడో కూలబడి ఉంటారు. రెండు, ఏదో ఒక చోటు మనసులో పెట్టుకుని వెళ్ళి ఉంటారు. డిమెన్షియా ఉన్నవాళ్ళు సాధారణంగా ఎక్కువ దూరం పోరు. ఎటు బయల్దేరితే అటే పోతారు, ఏదో అడ్డు తగిలి ఇరుక్కుపోయేదాకా ఆగరు. పేరు పెట్టి పిలిచినా చాలాసార్లు పలకరు. ఆ పూట ఎండ నలభై నాలుగు డిగ్రీల దగ్గర ఉంది. ముసలివాళ్ళకి దాహం తెలియదు, చెమటా సరిగ్గా పట్టదు. వడదెబ్బ తగిలి ఏ మొక్కల చాటునో పడి ఉంటే మా చేతిలో గంటలే ఉన్నాయి. వేరే ఊరు వెళ్ళి ఉంటే కనీసం నీడలో, నలుగురి మధ్య ఉంటారు. అందుకని మనుషుల్ని ఎక్కువ భాగం ఇంటి చుట్టూ పెట్టాం. ఒకరిని పోలీసులతో బస్టాండు కెమెరాలు చూడ్డానికి పంపించాం.

దగ్గర్లో అంటే ఎక్కడ? ఇక్కడ ఎండాకాలం మాకు కొంత మేలు చేస్తుంది. ఆ ఎండలో మనిషి నడిచే దారి నీడని బట్టి ఉంటుంది. మే చివర్లో మన వైపు మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, నీడన్నదే ఉండదు. ఒంటిగంట దాటాక ఇళ్ళ నీడ తూర్పుకి సాగడం మొదలవుతుంది. ఉత్తర దక్షిణాలుగా ఉన్న వీధిలో పడమటి వరస ఇళ్ళ ముందు బారెడు వెడల్పున నీడ పట్టీ పడుతుంది. మతి ఉన్నా లేకపోయినా కాళ్ళు ఆ పట్టీలోకే పోతాయి. అందుకే ఆ వరసలో ఉన్న ఇళ్ళ కెమెరాలు ముందు అడిగాం. రెండో సందులో ఒక ఇంటి కెమెరాలో దొరికారు. ఒంటిగంటా ఇరవై, తువ్వాలు తల మీద వేసుకుని, గోడకి ఆనుకున్నట్టుగా మెయిన్ రోడ్డు వైపు నడుస్తున్నారు.

మెయిన్ రోడ్డు మీద తరవాతి ఆనవాలు చలివేంద్రం. మేం వెళ్ళేసరికి రాత్రి ఎనిమిది, కుండలు బోర్లించి ఉన్నాయి. కానీ చలివేంద్రం అన్నాక పైన ఫ్లెక్సీ ఉంటుంది, ఫ్లెక్సీ మీద దాతల ఫొటోలు, ఫోన్ నంబర్లు ఉంటాయి. ఒక దాతకి ఫోన్ చేస్తే మజ్జిగ పోసే ఆవిడ నంబరు ఇచ్చారు.

"ఎవరో పెద్దాయనండీ, రెండు గ్లాసులు మజ్జిగ తాగారు. 'కాటా అయిందామ్మా?' అనడిగారు. నాకేం అర్థం కాలేదు. ఎటెళ్ళారో చూళ్ళేదండీ, ఎండకి నా కళ్ళే తిరిగిపోతున్నాయి."

కాటా అనగానే కొడుకు మొహం మారిపోయింది. "నాన్న యార్డుకి బయల్దేరారండీ" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. అయినా ఆ రాత్రి మనుషుల్ని గుంటూరు మళ్ళించలేదు. యార్డుకని బయల్దేరినంత మాత్రాన యార్డుకి చేరినట్టు కాదు. ఆ ఎండలో బస్టాండు దాకా నడవగలిగారో లేదో తెలియదు. గుంటూరు పోలీసులకి వివరాలు పంపించి, మేం ఇక్కడే ఉన్నాం.

పనిచెయ్యనివి

పోలీసు జాగిలం ఆయన దిండు గలీబు వాసన చూసి వీధి చివరిదాకా వెళ్ళి ఆగిపోయింది. దాని తప్పేం లేదు. మనిషి నడిచిన చోట రాలే చర్మపు రేణువుల వాసన తేమ ఉంటే నిలుస్తుంది. కాలిన తారు రోడ్డు మీద, పొడి వడగాలిలో అది త్వరగా చెదిరిపోతుంది. ఎండాకాలం జాగిలాన్ని తేవాలంటే గంటా రెండు గంటల్లో తేవాలి, లేదంటే మట్టి దారి ఉండాలి. మాకు రెండూ లేవు.

వేడిని పట్టే కెమెరా ఉన్న డ్రోన్ కూడా తెచ్చారు. రాత్రి తొమ్మిదికి ఎగరేస్తే తెర మీద గోడలు, స్లాబులు, రోడ్డు అన్నీ మనిషి ఒంటిలాగే వెలుగుతున్నాయి. పగలంతా కాగిన సిమెంటు ఆ వేడిని తెల్లవారుజాము దాకా వదులుతూనే ఉంటుంది. దానికి తోడు డాబాల మీద ఊరంతా పడుకుని ఉంది. నాలుగు గంటలకి మళ్ళీ ఎగరేస్తే కొంచెం నయం. రైల్వే స్థలం వైపు పొదల్లో మూడు చోట్ల మనుషుల ఆకారాలు కనపడ్డాయి. వెళ్ళి చూస్తే గాలి కోసం పడుకున్న కూలీలు. ఆ పరికరం డిసెంబరు రాత్రుల్లో చేసే పనిలో పావు వంతు కూడా రోహిణిలో చెయ్యదు.

బస్టాండు కెమెరాల సంగతి మరీ అన్యాయం. గుంటూరు బస్సులు ఆగే చోట రెండు గంటల ప్రాంతంలో ఆయన ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్ళు ముగ్గురు బస్సెక్కారు. ముగ్గురి తల మీదా తువ్వాళ్ళే. కొడుకే తేల్చి చెప్పలేకపోయాడు.

ఇక కుటుంబం వాట్సాప్‌లో పెట్టిన ఫొటో. సంక్రాంతికి తీసింది. స్వెట్టరు, మెడకి మఫ్లరు, నున్నగా గీసిన గడ్డం, పండగ కళ. ఆ ఫొటో వేలమందికి చేరింది. దాన్ని చూసినవాళ్ళు స్వెట్టరు వేసుకున్న పెద్దమనిషి కోసం చూస్తారు తప్ప బనీనుతో, చెమటతో, మాసిన తువ్వాలుతో ఫుట్‌పాత్ మీద కూర్చున్న మనిషిని పట్టించుకోరు. తెనాలి నించీ మంగళగిరి నించీ ఫోన్లు వచ్చాయి, తిరణాలలో వెతికినట్టు తిరిగాం, ఎవరూ ఆయన కాదు.

ఆస్పత్రులు, 108 వాళ్ళు, మార్చురీ కూడా చూడక తప్పలేదు. గుర్తు తెలియని మృతదేహాలకి పోలీసులు చేసే విచారణ ఇదివరకు సీఆర్‌పీసీ 174 కింద ఉండేది, 2024 జూలై నించి దాని బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 194 కింద. ఎండాకాలం దీంట్లో ఒక కష్టముంది. వేడికి మొహం ఒకటి రెండు రోజుల్లోనే గుర్తుపట్టలేనట్టు మారిపోతుంది. మొహం చూసి "మావాడు కాదు" అన్న మాట నమ్మడానికి లేదు. అందుకని ఇంట్లోవాళ్ళ దగ్గర ముందే రాయించుకుంటాం: కట్టుడు పళ్ళు, ఆపరేషన్ మచ్చలు, పచ్చబొట్లు, వంకర వేళ్ళు. పెద్దాయనకి ఎడమ ముంజేతి మీద పాత కాలిన మచ్చ ఉంది. ఆ మచ్చ ఎక్కడా కనపడకపోవడమే ఆ రోజుల్లో కొడుకుని నిలబెట్టింది.

గుంటూరులో యార్డు సంగతి

మూడో రోజు యార్డుకి వెళ్ళాం. గేటుకి తాళం. మిర్చి యార్డుకి ఏటా ఎండాకాలం నెల రోజుల దాకా సెలవులిస్తారు, మేలో మొదలై జూన్ దాకా పోతాయి. సీజన్లో లారీలు, హమాలీలు, ఘాటుకి తుమ్ములు, దగ్గులు, రంగు పోయిన తాలు కాయ ఏరే ఆడవాళ్ళు, టీ బళ్ళు, కాలు పెట్టే సందుండదు. ఆ రోజు వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు. "ఎవరూ రాలేదండీ" అన్నాడు. చుట్టుపక్కల టీ కొట్లు కూడా మూసి ఉన్నాయి. పోస్టరు అంటించి వచ్చేశాం.

తిరుగు దారిలో దీని గురించే మా మధ్య వాదన జరిగింది. ఒకాయన యార్డుని జాబితాలోంచి తీసేద్దామన్నారు. నేను వద్దన్నాను. వెయ్యి కళ్ళున్న చోట ఎవరూ చూడలేదంటే అక్కడికి రాలేదని దాదాపు నమ్మొచ్చు. ఒక్క జత కళ్ళున్న చోట, అవీ మధ్యాహ్నం గది లోపల ఫ్యాను కింద ఉన్నప్పుడు, "చూడలేదు" అంటే దాని అర్థం అంతవరకే. కాబట్టి యార్డు ఎదురుగా "లేరు" అని రాయకుండా "తెరిచాక మళ్ళీ" అని రాసి పెట్టుకున్నాం. ఈ కేసు అంతటిలోకీ ముఖ్యమైన నిర్ణయం అదేనని ఇప్పుడనిపిస్తుంది. ఆ రోజుకి మాత్రం అది మాకు చేతగాక వాయిదా వేసినట్టే కనపడింది.

తొలకరి పడ్డాక

జూన్ రెండో వారంలో మొదటి వాన పడింది. కోడలికి టెన్షన్ ఎక్కువైంది, వానలో తడుస్తున్నారేమోనని. మేం కూర్చుని మొత్తం ప్లాను తిరగరాశాం.

మొదటిది కాలువలు. ఏప్రిల్, మే నెలల్లో తాగునీటికి వదిలేది తప్ప డెల్టా కాలువల్లో పెద్దగా నీరుండదు. మరమ్మతులు చేసుకునేది అప్పుడే. ఖరీఫ్‌కి నీళ్ళు వదిలే రోజు మాత్రం మాకు గడువు లాంటిది. పూర్వం పైన శ్రీశైలం, సాగర్ నిండితేగానీ డెల్టాకి నీళ్ళొచ్చేవి కావు. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల వచ్చాక గోదావరి నీరు కృష్ణలో కలుస్తోంది కాబట్టి జూన్‌లోనే వదలడానికి వీలవుతోంది. అంటే మా గడువు ముందుకి జరిగింది. నీళ్ళొచ్చాయంటే కాలువ అడుగున ఉన్నదేదైనా, చెప్పో తువ్వాలో, కిందికి కొట్టుకుపోతుంది. తరవాత ఎంత వెతికినా తేలేది లేదు.

పాత పరిచయంతో, కాలువలు చూసుకునే లస్కర్లని అడిగి, నీళ్ళు రాకముందే ఇంటి దగ్గర నించి కిందికి కాలువ అడుగు మొత్తం నడిచాం. ఎండాకాలం కాలువని జనం వదిలేస్తారు, "నీళ్ళే లేవుగా" అని. నిజానికి ఎండిన కాలువలో వంతెనల కింద ఊళ్ళో దొరకనంత నీడ ఉంటుంది. గట్టు దిగడం తేలిక, ఎక్కడం ముసలివాళ్ళ వల్ల కాదు. ప్రతి వంతెన కిందకీ, ప్రతి తూము లోపలికీ టార్చి వేసి చూశాం. గుర్రపుడెక్క ఎండి అట్టలు కట్టిన చోట కర్రలతో ఎత్తి చూశాం. ఏమీ లేదు. ఇది మాత్రం నిఖార్సైన "లేరు". వెలుతురు ఉంది, నీళ్ళు లేవు, మా కళ్ళతో చూశాం. వంద మంది నోటిమాటల కన్నా ఈ ఒక్క మాటతో ఇంటి చుట్టుపక్కల పరిధి దాదాపు మూసెయ్యగలిగాం. ఇక మనుషులందర్నీ గుంటూరు వైపు తిప్పొచ్చు.

రెండోది పోస్టరు. బట్టల వర్ణన తీసేశాం. అన్ని రోజులు గడిచాక అదే లుంగీతో ఉంటారనుకోవడం అమాయకత్వం. వానకి తడిసిన ముసలాయనకి ఎవరో ఒకరు పాత చొక్కా ఇచ్చే ఉంటారు. ఆయన గడ్డం పెరిగితే ఎలా ఉంటారో పాత ఫొటోల్లో వెతికితే, భార్య పోయినప్పటి రోజుల్లో తీసింది ఒకటి దొరికింది. అది పెట్టాం. కింద ఇలా రాశాం: "మిర్చి యార్డులో గుమస్తాగా చేసినాయన. 'కాటా అయిందా' అని అడుగుతుంటారు. ఎడమ ముంజేతి మీద కాలిన మచ్చ." పాత పోస్టరు ఎలా ఉంటారో చెప్పింది, కొత్తది ఏం చేస్తుంటారో చెప్పింది.

మూడోది రాత్రి తిరుగుడు. ఎండాకాలం ఇల్లు లేనివాళ్ళు ఊరంతా పరుచుకుని పడుకుంటారు: డివైడర్లు, పార్కులు, మూసిన కొట్ల ముందు, ఎక్కడ గాలొస్తే అక్కడ. గుంటూరంత ఊళ్ళో అందర్నీ చూడాలంటే మా వల్ల కాదు. వాన మొదలవగానే వాళ్ళంతా కప్పు ఉన్న చోటికి చేరతారు. బస్ షెల్టర్లు, గుడి మండపాలు, ఫ్లైఓవర్ కిందలు, మున్సిపాలిటీ వాళ్ళ నిరాశ్రయుల వసతి గృహం. వెతకాల్సిన ఊరు ఒక్కసారిగా చిన్నదైపోతుంది. అందుకే మామూలుగా వాన పడితే వెతుకులాట ఆపుతారు, మేం మాత్రం వాన పడే రాత్రి కోసమే ఎదురుచూశాం. యార్డు నించి నడిచి పోగలిగినంత దూరంలో కప్పులన్నీ పగలే రాసి పెట్టుకున్నాం.

దొరకడం

యార్డు తెరిచిన వారంలోపే ఒక హమాలీ ఫోన్ చేశాడు. కొత్త పోస్టరు టీ కొట్టు దగ్గర చూశాడు. "తెల్లారుజామున ఒక ముసలాయన వస్తన్నాడండీ. ఖాకీ చొక్కా. కుప్ప దగ్గర కూర్చుని తాలు కాయ ఏరి పక్కన పెడతన్నాడు. ఎవరో మేస్త్రీ తాలూకు మనిషనుకున్నాం. చెయ్యి తిరిగినోడండీ, ఊరికే ఏరటం కాదు." మచ్చ చూశావా అంటే చొక్కా చేతులు పొడుగన్నాడు. మేం వెళ్ళేసరికి ఆయన లేరు. ఎండ ఎక్కగానే వెళ్ళిపోతారట, ఎటో తెలియదు.

రోజంతా కాపలా కాద్దామన్నారు కొందరు. సీజను చివరి సరుకుతో లారీలు తిరుగుతున్నాయి, కొత్త మొహాలు గుంపుగా నిలబడితే పెద్దాయన బెదిరి ఇంకో దారి పట్టొచ్చు. మర్నాడు పొద్దున కొడుకుతో పాటు ఒక్క మనిషిని ఉంచుదామని, ఈలోగా రాత్రికి మబ్బు పట్టింది కాబట్టి కప్పుల జాబితా పట్టుకుని బయల్దేరదామని అనుకున్నాం. తొమ్మిదిన్నరకి జోరుగా వాన. జాబితాలో మొదటివి రెండు బస్ షెల్టర్లు, ఒక గుడి. తరవాతది ఒక కోల్డ్ స్టోరేజీ, గుంటూరోళ్ళ భాషలో ఏసీ. దాని గేటు లోపల వరండాలో గోనెసంచి పరుచుకుని కూర్చుని ఉన్నారు.

కొడుకు "నాన్నా" అన్నాడు. ఆయన తల తిప్పలేదు. మాతో వచ్చిన హమాలీ ముందుకొచ్చి "గుమస్తాగారూ, కాటా అయిపోయింది, చీటీ రాసేశారు, ఇంటికి పోదాం" అన్నాడు. లేచి నిలబడ్డారు.

ఆస్పత్రిలో చూస్తే ఒంట్లో నీరు తగ్గింది, పాదాల పగుళ్ళు చీము పట్టాయి, బాగా చిక్కిపోయారు. ప్రాణాపాయం లేదన్నారు. బస్సెక్కి వచ్చారా, ఎవరి బండి అయినా ఎక్కారా, నేటికీ తెలియదు. ఏసీ నైట్ వాచ్‌మన్ చెప్పినదాన్ని బట్టి మే చివరి నించీ అక్కడక్కడే తిరుగుతున్నారు. పైనించి కారే నీళ్ళకి ఆ గోడ పక్కన నేల తడిగా, చల్లగా ఉంటుంది. కుళాయి ఉంది, వేపచెట్టుంది. మధ్యాహ్నం గుళ్ళో అన్నదానం. ఆ ఎండల్లో ఆయన బతికి బయటపడింది ఆ గోడ వల్లేనని డాక్టరు కూడా అన్నారు. పేరు అడిగితే కమిషన్ కొట్టు యజమాని పేరు చెప్పేవారట. కనక పేరు పట్టుకుని ఎన్ని జాబితాలు చూసినా మాకు దొరికేవారు కాదు.

మా పద్ధతిలో మారినవి

మా ఫారంలో ప్రతి చోటు ఎదురుగా ఇప్పుడు రెండు గళ్ళు పెరిగాయి. ఆ రోజు అక్కడ ఎంతమంది మనుషులున్నారు, ఆ జవాబు ఎప్పటిదాకా చెల్లుతుంది. యార్డుకి అయితే తెరిచేదాకా, కాలువకి అయితే నీళ్ళొదిలేదాకా, చలివేంద్రానికి అయితే తీసేసేదాకా. స్కూలు ప్రాంగణానికి జూన్ పన్నెండు ప్రాంతంలో తెరిచేదాకా. పొలాలకి పైరుని బట్టి రాస్తున్నాం. మిరప కోతలప్పుడు, జనవరి నించి మార్చి దాకా, చేలల్లో కూలీలు నిండా ఉంటారు, ఎవరు వచ్చినా తెలుస్తుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో పత్తి నడుం దాటి పెరిగాక పది గజాల్లో మనిషి పడి ఉన్నా గట్టు మీదనించి కనపడదు. అప్పుడు సాళ్ళ వెంట నడవాల్సిందే.

వరదలప్పుడు లెక్క పూర్తిగా వేరు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు, బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైనప్పుడు, మాకొచ్చిన ఫోన్లలో చాలావరకు తప్పిపోయినవాళ్ళ గురించి కావు, ఫోన్ చార్జింగ్ అయిపోయి డాబాల మీద ఉండిపోయినవాళ్ళ గురించి. అక్కడ ముందు చెయ్యాల్సింది పునరావాస శిబిరాల పేర్లు సరిచూడ్డం. డిసెంబరులో భవానీ దీక్షల విరమణకి ఇంద్రకీలాద్రి దగ్గర వేలమంది ఎర్ర బట్టల్లో ఉంటారు, బట్టల రంగు చెప్పి వెతకమంటే అసలు కుదరదు. వీటి గురించి వేరే రాయాలి.

కుటుంబాలకి ఇప్పుడు మేం చెప్పేది: ఉగాదికి ఒకటి, దసరాకి ఒకటి, ఇంట్లో మామూలుగా ఉన్నప్పటి ఫొటో తీసి ఉంచండి. పండగ బట్టల్లో వద్దు. ఎండాకాలం తలుపు తీసే అలవాటుంటే గడపకి చిన్న గంట కట్టండి.

పెద్దాయన ఇప్పుడు కొడుకు దగ్గరే ఉన్నారు. చేతికి ఫోన్ నంబరు చెక్కిన స్టీలు కడియం వేశారు. సీజన్లో వారానికోసారి కొడుకు యార్డుకి తీసుకెళ్తున్నాడు. కుప్ప దగ్గర గంటసేపు తాలు ఏరుకుని వస్తే ఆ రాత్రి "ఇంటికి పోదాం" అనడం తగ్గిందట. యార్డు సెలవుల నెలలో ఏం చెయ్యాలన్నది ఇంకా తేలలేదు. ఏసీ వాళ్ళని అడిగి చూద్దామని కోడలు అంటోంది.